వేడిగది యోగా, దేహం హక్కు

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి నాచారం వైపు సాగే దారిలో వ్యాయామశాలల ప్రకటనలకు కొదవ లేదు. గత చలికాలంలో వాటి మధ్య ఒక కొత్త మాట వచ్చి చేరింది: హాట్ యోగా. వేడి చేసిన గదిలో ఆసనాలు వేయిస్తారట. చెమటతోపాటు దేహంలోని మలినాలన్నీ కొట్టుకుపోతాయట. బరువు తగ్గుతుందట, మనసులోని దిగులు తీరుతుందట. మా పొరుగున ఉండే ఒక సోదరి ఆ కరపత్రం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. నలభై ఆరేళ్ల ఇల్లాలు, ముగ్గురు పిల్లల తల్లి. మోకాళ్ల నొప్పి, నిద్రలేమి, కారణం తెలియని నిస్పృహ ఆమెను కొంతకాలంగా బాధిస్తున్నాయి. ఆమె అడిగిన ప్రశ్నలు రెండే. "ఆపా, ఇది నిజంగా మేలు చేస్తుందా? మనలాంటివాళ్లం చేయవచ్చా?"

ఈ నెల ఈ శీర్షికను ఆ రెండు ప్రశ్నలకే కేటాయిస్తున్నాం. ఆ సోదరితో కలిసి మూడు రోజులు మేమూ ఆ గదిలో కూర్చున్నాం. పరిశోధకులు ఏమన్నారో చదివాం. తెలిసిన వైద్యులను అడిగాం. మాకు అర్థమైనంత మేరకు పాఠకుల ముందుంచుతున్నాం.

ఈ పద్ధతి ఎక్కడిది?

వేడిగదిలో యోగా ప్రాచీన సంప్రదాయమని కొందరు భావిస్తారు. కానీ నేడు మనం చూస్తున్న రూపానికి వయసు సుమారు అర్ధ శతాబ్దమే. కలకత్తాలో బిష్ణు చరణ్ ఘోష్ అనే వ్యాయామ గురువు వద్ద శిక్షణ పొందిన బిక్రమ్ చౌధురి 1970వ దశకంలో అమెరికాకు వెళ్లి కాలిఫోర్నియాలో దీనికి ప్రాచుర్యం కల్పించాడు. గది ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 40 శాతం, వ్యవధి 90 నిమిషాలు, వరుస మారని 26 భంగిమలు. ఇదీ ఆయన ఏర్పరచిన చట్రం. తర్వాతి కాలంలో ఇతరులు వ్యవధిని, వేడిని, ఆసనాలను తమకు నచ్చినట్లు మార్చుకొని హాట్ యోగా అని పిలవసాగారు.

ఆ 26 భంగిమల వరుస తన సొత్తని, ఇతరులెవరూ నేర్పరాదని బిక్రమ్ న్యాయస్థానానికి ఎక్కాడు. ఆరోగ్యం కోసం చేసే కదలికల క్రమానికి కాపీరైట్ వర్తించదని 2015లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తేల్చిచెప్పింది. మరుసటి ఏడు, లైంగిక వేధింపుల కేసులో లాస్ ఏంజిలిస్ జ్యూరీ ఆయన మాజీ న్యాయ సలహాదారు అయిన మహిళ పక్షాన తీర్పునిచ్చింది. ఆ తర్వాత ఆయన ఆ దేశం విడిచి వెళ్లాడు. ఈ చరిత్రను ఒకరిని నిందించడానికి ఎత్తుకోలేదు. వ్యాయామం నేర్పే వ్యక్తిని గురుపీఠం మీద కూర్చోబెట్టి, ఆయన మాటకు ఎదురు చెప్పరాదనుకున్న చోట ఆడవారికి ఎంతటి ప్రమాదం పొంచి ఉంటుందో తెలుసుకోవడానికి గుర్తుచేస్తున్నాం. కుమార్తెను గానీ, భార్యను గానీ ఏ శిక్షణాలయానికి పంపినా నేర్పేది ఎవరు, తలుపులు ఎలా ఉంటాయి, ఆపమంటే ఆపుతారా అని ముందుగా విచారించుకోవడం మన బాధ్యత.

మూడు రోజుల అనుభవం

మేము వెళ్లినది స్త్రీలకు మాత్రమే ప్రత్యేకించిన సమయానికి. నేర్పినదీ స్త్రీయే. నిండు చేతుల నూలు దుస్తులు, తలకు పలుచని స్కార్ఫు ధరించాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కిటికీలు మూసిన గది, గోడలకు అద్దాలు, మూలల్లో విద్యుత్ హీటర్లు. గోడ మీది ఉష్ణమాపకం 39 డిగ్రీలు చూపుతున్నది.

మొదటి పది నిమిషాలు హాయిగానే గడిచాయి. చలికాలపు ఉదయం బిగుసుకుపోయిన వీపు, భుజాలు సడలాయి. ఇంట్లో మోకాలి దగ్గరే ఆగిపోయే చేతివేళ్లు పాదాల వరకు వెళ్లాయి. ఇరవై నిమిషాలకు గుండె వేగం హెచ్చింది. కనుబొమల మీదుగా చెమట కళ్లలోకి కారింది. నలభై నిమిషాలకు నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి శ్వాసను గమనించమన్నారు. ఇంటిపని, ఫోను, పిల్లల పిలుపు ఏవీ లేని ఆ పది నిమిషాల నిశ్శబ్దమే మూడు రోజులలోకెల్లా మాకు మిక్కిలి విలువైనదిగా తోచింది. ఆ రాత్రి గాఢంగా నిద్ర పట్టిందన్నది నిజం. గది బయట ఉన్న తూకంలో ఒక కిలో తగ్గినట్లు కనిపించి అందరం సంబరపడ్డాం. నీళ్లు తాగి, భోజనం చేసి, మరునాటి ఉదయం చూసుకుంటే పాత బరువే.

మూడవ రోజున మా సోదరి గోడను ఆనుకొని నిలబడిపోయింది. ముఖం పాలిపోయింది. కళ్లు తిరుగుతున్నాయన్నది. "బయటికి వెళ్తే ఫలితం పోతుంది, ఇక్కడే పడుకోండి" అని నేర్పే ఆమె సలహా ఇచ్చింది. మేము వినక ఆమెను వరండాలోకి తీసుకువచ్చి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా పెట్టి, తడి గుడ్డతో మెడ తుడిచాం. తేరుకున్నాక ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసం తాగించాం. అప్పుడు తెలిసింది, ఆమె రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నదని, అందులో మూత్రం ద్వారా నీటిని వెళ్లగొట్టే మందు కూడా ఉన్నదని, ఉదయం ఏమీ తినకుండా వచ్చిందని. చేర్చుకునేటప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగలేదు గనుక ఆమె చెప్పలేదు.

ఆమెను చూసిన వైద్యురాలు, వేడిగదికి వెళ్లవద్దని స్పష్టంగా చెప్పింది. ఇంటికి వచ్చాక ఆ సోదరి కంటతడి పెట్టింది. కళ్లు తిరిగినందుకు కాదని తానే చెప్పింది. "వంటింట్లో ఇరవై ఏళ్లుగా చెమటోడుస్తున్నాను ఆపా. అదంతా ఇంటివాళ్ల కోసం. ఈ గంట ఒక్కటే నాకోసం అనుకున్నాను. ఇక ఇదీ లేదు." ఆమె భర్త చెడ్డవాడు కాడు. అయితే ఆయన అన్న మాట ఇది: "ఇంట్లో ఇంత పని ఉండగా మళ్లీ వ్యాయామం ఎందుకు? అది చాలదా?" ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

చెమట చేసే పని, చేయని పని

ముందుగా చెమట సంగతి చూద్దాం. చెమటలో అత్యధిక భాగం నీరే. తక్కినది ప్రధానంగా ఉప్పు. రక్తాన్ని వడపోసి మలినాలను వేరుచేసే పని అల్లాహ్ మూత్రపిండాలకు, కాలేయానికి అప్పగించాడు. చెమటకు అప్పగించినది శరీరాన్ని చల్లబరచే పని. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. ఆవిరైతేనే ఈ మేలు. నేలమీద కారిపోయిన చెమట చల్లబరచదు. గదిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, లోపలి వేడి దిగదు. కాబట్టి ఒళ్లంతా తడిసిపోవడం ఎక్కువ మేలు జరిగిందనడానికి గుర్తు కానే కాదు. తూకంలో తగ్గిన కిలో కొవ్వు కాదు, నీరు. దానిని వెంటనే తిరిగి ఇవ్వవలసినదే.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు లా క్రాస్ పరిశోధకులు ఈ తరగతుల్లో పాల్గొన్నవారి లోపలి ఉష్ణోగ్రతను కొలిచారు. తరగతి ముగిసేసరికి కొందరిలో అది 103 డిగ్రీల ఫారన్‌హీట్‌ను దాటింది. లోపలి వేడి 104 డిగ్రీలకు చేరి, మనిషి తికమకగా మాట్లాడితే దానిని వడదెబ్బగా భావించి అత్యవసర చికిత్స చేయవలసి ఉంటుంది. వీరు ఆ గీతకు ఎంత దగ్గరగా వెళ్లారో గమనించండి.

మరి మేలు లేదా? ఉన్నది. కానీ అది వేడి వల్లనా, వ్యాయామం వల్లనా అన్నదే ప్రశ్న. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, 40 నుండి 60 ఏళ్ల మధ్య వయసున్న, కూర్చొని పనిచేసే అలవాటున్న 52 మందిని తీసుకున్నారు. కొందరు 40 డిగ్రీల గదిలో, కొందరు 23 డిగ్రీల మామూలు గదిలో అవే ఆసనాలను 12 వారాలు చేశారు. ఇంకొందరు ఏమీ చేయలేదు. ఆసనాలు వేసిన రెండు బృందాలలోనూ రక్తనాళాలు వ్యాకోచించే శక్తి మెరుగుపడింది. వేడి గదివారికి అదనంగా ఒరిగినది కనిపించలేదు. అంటే రక్తనాళాలకు మేలు చేసినది కదలిక. వేడి కేవలం తోడుగా వచ్చింది.

కండరాలు సడలడం సంగతి కూడా చెప్పుకోవాలి. వేడిలో ఒళ్లు సులభంగా వంగుతుంది. అదే ఒక ఆపద. నొప్పి హెచ్చరించవలసిన చోట హెచ్చరించదు. కీళ్లను పట్టి ఉంచే బంధనాలు హద్దు మీరి సాగిపోతాయి. మా మోకాలి వెనుక నొప్పి మూడవ రోజు సాయంత్రం గాని తెలియలేదు.

మనసు మాట

మనసుకు కలిగే మేలును మేము తేలికగా తీసుకోము. బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. మధ్యస్థ, తీవ్ర స్థాయి డిప్రెషన్‌తో బాధపడుతున్న 80 మందిని అందులో చేర్చుకున్నారు. ఒక వర్గం ఎనిమిది వారాలు వేడిగది యోగా చేసింది. మరొక వర్గం తమ వంతు కోసం వేచి ఉంది. యోగా చేసినవారిలో దాదాపు 60 శాతం మందికి వ్యాధి లక్షణాలు సగానికి లేదా అంతకన్నా ఎక్కువ తగ్గాయి. వేచి ఉన్నవారిలో అలా తగ్గినది 6 శాతం మందికే. చిన్న అధ్యయనమే అయినా ఆశ కలిగించే ఫలితమిది. అయితే ఇక్కడ వేడిగది యోగాను మామూలు గది యోగాతో పోల్చలేదు, ఏమీ చేయకపోవడంతో పోల్చారు. అందుచేత ఆ మేలు వేడిది అని చెప్పడానికి లేదు. వారానికి కొన్నిసార్లు ఇల్లు దాటడం, తోటివారిని కలవడం, ఒళ్లు కదిలించడం, శ్వాసను గమనించడం, ఇవన్నీ అందులో కలిసి ఉన్నాయి.

మన ఇళ్లలో స్త్రీల దిగులును "ఈమాన్ బలహీనపడింది" అని తీసిపారేసేవారు కొందరుంటారు. ప్రార్థన గుండెకు ఊరట అన్నది విశ్వాసుల నిత్యానుభవం. అయినా విరిగిన కాలికి కట్టు కట్టించుకున్నట్లే, నిద్ర లేక, ఆకలి లేక వారాల తరబడి కుంగిపోయే మనసుకు వైద్యం చేయించాలి. వ్యాయామం దానికి తోడు కాగలదు. వైద్యుడు ఇచ్చిన మందులను మాని దానినే నమ్ముకోవడం తగదు.

ధర్మం దృష్టిలో

ఇక రెండవ ప్రశ్న. ధార్మిక తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. ఉలమాల అభిప్రాయాలు ఏ తీరుగా ఉన్నాయో మాత్రం చెప్పగలం. మలేషియా జాతీయ ఫత్వా మండలి 2008 నవంబరులో యోగాను ముస్లింలకు నిషిద్ధమని ప్రకటించింది. ఆ వెంటనే ఆ దేశ ప్రధాని, మంత్రోచ్చారణ లేని వ్యాయామానికి అభ్యంతరం లేదని వివరణ ఇచ్చారు. 2009 జనవరిలో ఇండోనేషియా ఉలమా మండలి మంత్రాలు, పూజావిధులు కలిసిన యోగాను వారించి, కేవలం శారీరక వ్యాయామాన్ని దాని నుండి వేరుచేసింది. సౌదీ అరేబియా 2017 నవంబరులో యోగాను క్రీడా కార్యకలాపంగా అనుమతించింది. అక్కడ దానిని నేర్పిన మహిళ నౌఫ్ మర్వాయికి 2018లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఈ అభిప్రాయాలన్నింటిలోనూ ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది. అల్లాహ్‌కు తప్ప మరొకరికి చెందే ఆరాధన, స్తోత్రం, వందనం ఉన్న చోట విశ్వాసి ఆగిపోవాలి. సూర్యుడూ చంద్రుడూ ఆయన సృష్టే అయినప్పుడు సృష్టికి మొక్కడం మనకు తగదు. వీపును సాగదీయడం, మోకాలిని బలపరచడం, దీర్ఘంగా శ్వాసించడం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. మేము వెళ్లిన చోట మంత్రం చదివించలేదు. చదివించి ఉంటే మర్యాదగా లేచి వచ్చేవాళ్లం. మన పొరుగున నివసించే హిందూ సోదరులు దీనిని భక్తితో ఆచరిస్తే అది వారి ఇష్టం, వారిని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. వస్త్రధారణ, స్త్రీ పురుషులు కలిసి చేయడం, అద్దాల గదిలో ఫోటోలు, వీడియోలు తీయడం, ఈ విషయాలలో సందేహం ఉంటే మీ ప్రాంతపు ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

ఇంకొక మాట. "మనకు నమాజు ఉండగా వేరే వ్యాయామం ఎందుకు?" అని చాలామంది అంటారు. రుకూ, సజ్దాలలో కీళ్లు కదులుతాయన్నది నిజమే. కానీ నమాజు ఆరాధన. దానిని కండరాల కొలతతో తూచడం నమాజుకూ న్యాయం కాదు, శరీరానికీ న్యాయం కాదు. హజ్రత్ ఆయిషా (రజి)తో దైవప్రవక్త (సఅసం) పరుగు పందెం వేశారని, ఒకసారి ఆమె, మరొకసారి ఆయన గెలిచారని హదీసు గ్రంథాలలో ఉన్నది. ఆయన కంటే ఎక్కువగా నమాజు చేసినవారు ఎవరు?

వైద్య చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 1037లో మరణించిన ఇబ్ను సీనా తన వైద్య గ్రంథంలో ఆరోగ్య పరిరక్షణకు వ్యాయామాన్ని మొదట ఉంచి, ఆహారాన్ని, నిద్రను ఆ తర్వాత చెప్పాడు. యునానీ వైద్యంలో వ్యాయామం, మర్దన, హమామ్ అనే వేడి స్నానం, చెమట పట్టించడం చికిత్సలో భాగాలే. చార్మినార్ వద్ద ఉన్న నిజామియా తిబ్బీ కళాశాల ఆ విద్యను నేటికీ బోధిస్తున్నది. అయితే అక్కడ వేడి కూడా ఒక మందే. రోగి తత్వాన్ని, వయసును, వ్యాధిని చూసి హకీము నిర్ణయిస్తాడు. గదిలో ఉన్న ఇరవై మందికీ ఒకే వేడిని పట్టించడు.

ఎండలో నిలబడిన మనిషి

ఒక సంఘటన ఈ మూడు రోజులూ మా మనసులో మెదులుతూ ఉంది. దైవప్రవక్త (సఅసం) ప్రసంగిస్తుండగా ఒక వ్యక్తి ఎండలో నిలబడి ఉండటం ఆయన కంటబడింది. ఎవరని అడిగారు. అబూ ఇస్రాయీల్ అని, కూర్చోనని, నీడకు వెళ్లనని, మాట్లాడనని, ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాడని సహచరులు చెప్పారు. అతడిని మాట్లాడమని, నీడకు వెళ్లమని, కూర్చోమని, ఉపవాసం మాత్రం పూర్తి చేయమని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఉపవాసం ఆరాధన గనుక నిలిచింది. ఎండ వృథా కష్టం గనుక పోయింది.

ప్రయాణంలో ఒకసారి ముఅజ్జిన్ జుహ్ర్ అజాన్ ఇవ్వబోతే, ఎండ తీవ్రత తగ్గేదాకా ఆగమని ప్రవక్త (సఅసం) చెప్పినట్లు మరొక హదీసులో ఉన్నది. నమాజునే చల్లబడేవరకు ఆపిన ధర్మం మనది. దేహాన్ని కష్టపెట్టినకొద్దీ పుణ్యమో, ఆరోగ్యమో పెరుగుతుందన్న భావనకు ఇక్కడ చోటు లేదు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు చేస్తానన్న యువ సహచరుడు అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు, శరీరానికీ, కళ్లకూ, భార్యకూ అతని మీద హక్కులున్నాయని ఆయన బోధించారు. హక్కు అన్న మాటను గమనించండి. దేహాన్ని చూసుకోవడం విలాసం కాదు. అది చెల్లించవలసిన బాకీ. ఆ బాకీ పురుషుని దేహానికి ఎంతో స్త్రీ దేహానికీ అంతే.

మన ఊరి వేడి

నాచారం పారిశ్రామికవాడలో రేకుల షెడ్ల కింద పనిచేసే సోదరుడికి హాట్ యోగా గురించి చెబితే నవ్వుతాడు. మే నెలలో ఆయన పనిచేసే చోట వేడి ఆ గదికి ఏమాత్రం తీసిపోదు. రుసుము లేదు, వెల్లకిలా పడుకొని సేదదీరే పది నిమిషాలూ లేవు. మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడాన్ని వడగాడ్పుల లెక్కలో తొలి మెట్టుగా వాతావరణ శాఖ తీసుకుంటుంది. ఆ అంకెనే ఈ గదులలో డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో మరణించినవారి కుటుంబాలకు 4 లక్షల రూపాయల సహాయాన్ని ప్రకటించింది. వేడి ప్రాణం తీయగలదని ప్రభుత్వమే ఒప్పుకున్న నేల మీద వేడిని మందుగా అమ్మేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

వేసవిలో వంటింట్లో పొయ్యి ముందు నిలబడే ఇల్లాలి స్థితీ ఇదే. ఆమె చెమట ఎంత కారినా అది వ్యాయామం కాదు. ఒకే భంగిమలో గంటల తరబడి నిలబడితే మోకాలు, నడుము అరుగుతాయి గాని బలపడవు. "ఇంటిపని చాలదా?" అన్న సోదరునికి మా వినయపూర్వకమైన జవాబు ఇదే.

ఇంటిపట్టున చేయదగినది

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమతో కూడిన వ్యాయామం, రెండు రోజులు కండరాలను బలపరచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఫజ్ర్ నమాజు తర్వాత ఎండ రాకముందటి వేళ మన ఊరికి అత్యుత్తమం. ఉప్పల్ భగాయత్ విశాలమైన వీధులలో ఇద్దరు ముగ్గురు స్త్రీలు కలిసి నడవవచ్చు. నడక కుదరనివారు మేడ మీద చాప పరచుకోవచ్చు. మొదట ఐదు నిమిషాలు నిలుచున్న చోటనే నడక. గోడను పట్టుకొని కుర్చీలో కూర్చున్నట్లు వంగి లేవడం పదిసార్లు. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి లేవడం పదిసార్లు. భుజాలు, నడుము, పిక్కలు నెమ్మదిగా సాగదీయడం. చివర ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకొని నిదానంగా శ్వాసించడం. నొప్పి మొదలైన చోట ఆగడం. ఇంతే.

వేడిగదికి వెళ్లాలని నిశ్చయించుకున్నవారు కొన్ని విషయాలు మరువరాదు. గర్భిణులు, గుండె జబ్బు, మూత్రపిండాల వ్యాధి, మూర్ఛ ఉన్నవారు, గతంలో వడదెబ్బ తగిలినవారు దూరంగా ఉండాలి. రక్తపోటు, మధుమేహం, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు వైద్యుని అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. ఉపవాస దినాలలో బొత్తిగా వద్దు. శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది గనుక తొలిరోజే 90 నిమిషాలకు ఒప్పుకోవద్దు. తల తిరిగినా, వికారం కలిగినా, చలి పుట్టినా వెంటనే బయటికి రండి. బయటికి వెళ్లనివ్వని చోటికి మళ్లీ వెళ్లకండి. బాగా చెమట పోసిన తర్వాత పలుచని మజ్జిగలో ఉప్పు వేసి తాగడం మన ఇళ్లలో ఉన్న మంచి అలవాటు. నీరసం ఎక్కువైతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. చెంచా అంటే తలకొట్టిన టీ చెంచా. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఇవి ఎంతవరకు తాగవచ్చో వైద్యుని ముందే అడిగి ఉంచుకోవాలి.

ఆ గంట తిరిగి వచ్చింది

మా సోదరి కథ చెప్పి ముగిస్తాం. ఆమె భర్తతో మేము వాదించలేదు. దైవప్రవక్త (సఅసం) ఇంట ఉన్నప్పుడు ఏమి చేసేవారని అడిగితే, ఇంటివారికి పనిలో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాటను మాత్రం గుర్తుచేశాం. ఆయన చాలాసేపు మౌనంగా కూర్చొని, "అరగంటే కదా, పిల్లల టిఫిను డబ్బాలు నేను సర్దుతాను" అన్నాడు.

ఇప్పుడు మా వీధిలో ఐదుగురు స్త్రీలు ఫజ్ర్ తర్వాత ఒక మేడ మీద కలుస్తున్నారు. హీటరు లేదు, అద్దాలు లేవు, రుసుము లేదు. నాలుగు నెలలు కావస్తున్నది. మా సోదరి రక్తపోటు మాత్ర మానలేదు, మానమని ఎవరూ చెప్పలేదు. మోకాలి నొప్పి పూర్తిగా పోలేదు, మెట్లు ఎక్కడం మాత్రం తేలికైందంటున్నది. నిద్ర పడుతున్నదట. మొన్న ఒకనాడు డబ్బాలు సర్దే ఆయనకు పని తెమలక, పెద్ద కుమారుడిని కూడా సాయానికి పిలిచాడట. ఆ కబురు చెబుతూ ఆమె నవ్విన నవ్వును మేము ఆ వేడిగదిలో ఒక్కసారీ చూడలేదు.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో తనకోసం అరగంట కూడా లేని స్త్రీ ఎవరో ఒకసారి చూడండి. ఆమె తల్లి కావచ్చు, భార్య కావచ్చు, కోడలు కావచ్చు. ఆమె దేహం కూడా అల్లాహ్ అప్పగించిన అమానతే. ఆ అమానతుకు ఉన్న హక్కును చెల్లించడానికి ఆమెకు వీలు కల్పించిన పుణ్యం ఇంటిల్లిపాదికీ దక్కుతుంది, ఇన్షా అల్లాహ్. మన దేహాలకు స్వస్థతను, మన మనసులకు నెమ్మదిని, మన ఇళ్లకు పరస్పర కరుణను ఆయన ప్రసాదించుగాక! ఆమీన్.